పట్టాలో లేని రోడ్డు

ఆ రోజు ఎజెండాలో నాలుగో అంశం ఇళ్లు, తొమ్మిదో అంశం రోడ్డు. రెండూ ఒకే శివారు గ్రామానివి. పేదల ఇళ్ల కోసం కొంత వ్యవసాయ భూమిని నివాస ప్రాంతంగా మార్చడం నాలుగోది. ఆ భూమిని ఆనుకుని పోయే వంద అడుగుల రోడ్డును రెండు వందల అడుగులకు వెడల్పు చేయడం తొమ్మిదోది. మాస్టర్ ప్లాన్‌లో మార్పులు చేసేముందు ప్రజల అభ్యంతరాలు, సూచనలు వినాలి కాబట్టి పత్రికలో ఒక మూలన ప్రకటన వేశారు. అది చూసి వెళ్లినవాళ్లం పట్టుమని ఇరవైమందిమి కూడా లేము. అందులోనూ చాలామంది తమ స్థలం రోడ్డులో ఎంత పోతుందో కనుక్కోవడానికి వచ్చినవాళ్లే. ఏ సంస్థ, ఏ ఊరు అన్నది చెప్పను. మీ ఊళ్లో జరిగినా ఇలాగే జరిగి ఉండేది.

నాలుగో అంశం ఐదు నిమిషాల్లో ముగిసింది. పేదలకు ఇళ్లంటే ఎవరు కాదంటారు? తొమ్మిదో అంశం వచ్చినప్పుడు నేను లేచాను. "ఇందాక ఒప్పుకున్న ఇళ్లు ఈ రోడ్డుకు ఎడమ పక్కన వస్తాయి. బడి, రేషన్ దుకాణం, నగరం వైపు వెళ్లే బస్సు ఆగే చోటు కుడి పక్కన ఉన్నాయి. వాళ్లు దీన్ని ఎలా దాటుతారండీ?" అని అడిగాను. వేదిక మీద ఉన్న పెద్దమనిషి మర్యాదస్తుడే. విసుక్కోలేదు. "మంచి ప్రశ్న అమ్మా. కానీ అది ట్రాఫిక్ వాళ్లు చూసుకుంటారు" అన్నారు. పక్కనున్న గుమాస్తాను రాసుకోమని సైగ చేసి పదో అంశానికి వెళ్లిపోయారు.

ఇంటికి వచ్చాక కూడా నన్ను వదలనిది ఆ సమాధానమే. ఇళ్లు ఎక్కడ కట్టాలో తేల్చినప్పుడే, ఎంతమంది రోజుకు ఎన్నిసార్లు ఏ రోడ్డు దాటాలో కూడా తేలిపోతుంది. ఆ తర్వాత ట్రాఫిక్ వాళ్లకు చూసుకోవడానికి మిగిలేది చాలాసార్లు పంచనామాయే.

నేను ఇలా మాట్లాడితే ఇళ్ల పథకాలకు వ్యతిరేకినని కొందరు అనుకుంటారు. నేను పెరిగింది హౌసింగ్ బోర్డు ఇంట్లో. కేపీహెచ్‌బీ అని ఇప్పుడు అందరం గబగబా అనేస్తాం గానీ, ఆ అక్షరాల్లో ఉన్నది కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు. మాది ఎల్ఐజీ ఇల్లు, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల కోసం కట్టింది. నాన్న బాలానగర్‌లో ఒక కర్మాగారంలో ఫిట్టరు. ఆ ఇల్లే లేకపోతే నా చదువు లేదు, ఇవాళ ఈ వ్యాసం రాసే తీరిక కూడా లేదు. సర్కారు కట్టిన ఇల్లు ఒక కుటుంబాన్ని ఎంత దూరం తీసుకెళ్తుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మీ కేపీహెచ్‌బీ కూడా ఒకప్పుడు ఊరి చివరే కదా, ఇప్పుడు చూడండి" అని మా తమ్ముడు వాదిస్తాడు. చాలామంది వాదన అదే. ఇవాళ అడవి, ఇరవై ఏళ్లకు నగరం అని. కానీ దూరం ఒక్కటే లెక్క కాదు. కేపీహెచ్‌బీ ఊరికి దూరమే గానీ పనికి దూరం కాదు. బాలానగర్, సనత్‌నగర్, ఐడీపీఎల్ మందుల కర్మాగారం అన్నీ సైకిలు తొక్కితే అందేంత దూరంలో ఉండేవి. ముంబై రహదారి మీద బస్సులు తిరిగేవి. ఈడబ్ల్యూఎస్, ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ ఇళ్లన్నీ, అంటే పేదల నుంచి డబ్బున్నవాళ్ల దాకా అందరివీ, ఒకే కాలనీలో పడ్డాయి కాబట్టి కూరగాయల బండి దగ్గర్నుంచి డాక్టరు దాకా అందరూ తొందరగానే వచ్చారు. మా పక్క వీధిలో ఇంట్లో పని వెతుక్కునే ఆవిడకు ఆ పని రెండు వీధుల అవతలే దొరికేది. అయినా ఆ ముంబై రహదారి ఊరికే ఉండలేదు. బడికి వెళ్లేటప్పుడు అమ్మ మా ఇద్దరి మణికట్లూ పట్టుకుని దాటించేది. వేళ్లు పట్టుకునేది కాదు. వేళ్లయితే జారిపోతాయని.

ఇప్పుడు మా ఇంట్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఆమె సంగతి.

ఆమెకు సర్కారు పథకం లాటరీ డ్రాలో రెండు పడక గదుల ఇల్లు వచ్చింది. గృహప్రవేశానికి నేనూ వెళ్లాను. పాలు పొంగించారు. ఇల్లు బాగుంది, అబద్ధం ఎందుకు? వెలుతురుంది, గాలి ఆడుతోంది, గచ్చు నున్నగా ఉంది. ఆమె నన్ను స్నానాల గది దగ్గరికి తీసుకెళ్లి తలుపు వేసి తీసి చూపించింది. "లోపల గడియ ఉంది అక్కా. పెళ్లయిన పంతొమ్మిదేళ్లకు" అంది. ఇళ్ల పథకాల మీద వ్యాసాలు రాసే నాలాంటివాళ్లు ఆ గడియను మరచిపోకూడదు.

బస్తీలో ఉన్నప్పుడు ఆమె మా ఇంటికి పది నిమిషాల్లో నడిచి వచ్చేది. కొత్త ఇంటి నుంచి రెండు బస్సులు, దాదాపు రెండు గంటలు. నాలుగు ఇళ్లలో పనిచేసేది, రెండు మానుకుంది. భర్త రంగులు వేసే పనివాడు. ఉదయం ఆరున్నరకల్లా అడ్డాలో నిలబడకపోతే ఆ రోజు కూలి లేనట్టే. ఆ వేళకు చేర్చే బస్సు లేదు కాబట్టి వాయిదాల మీద పాత బండి కొన్నాడు. కాలనీ దాటగానే పెద్ద రోడ్డు. నగరం వైపు వెళ్లాలంటే ముందు ఎడమకు తిరిగి కిలోమీటరున్నర వెళ్లాలి, యూటర్న్ తీసుకోవాలి, మళ్లీ అంత దూరమూ వెనక్కి రావాలి. కళ్లెదుట కనిపిస్తున్న అవతలి పక్కకు చేరడానికి మూడు కిలోమీటర్ల పెట్రోలు. ఆ కాలనీలో ఎవరూ ఆ పని చేయరు. కుడిపక్కన మూడు వందల మీటర్ల దూరంలో డివైడర్ తెగి ఉంది. అక్కడిదాకా రాంగ్ రూట్‌లో అంచు వెంబడి పోతారు. ఒక రోజు తెల్లవారుజామున మంచులో ఎదురుగా ఇసుక లారీ వచ్చింది. ప్రాణం దక్కింది. తొడ ఎముకలో రాడ్డు వేశారు. నిచ్చెన ఎక్కే పని ఇక కుదరదన్నారు.

ప్రమాదానికి కారణం అన్న చోట కాగితం మీద రాంగ్ సైడ్ డ్రైవింగ్ అని ఉంది. అది అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ మనిషిని అంత పొద్దున ఆ రోడ్డు మీదికి తెచ్చిన కేటాయింపు పత్రం గురించి రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

నాలుగు నెలల తర్వాత వాళ్లు ఇంటికి తాళం వేసి, ఇదివరకు ఉన్న బస్తీలోనే ఒక రేకుల గది అద్దెకు తీసుకున్నారు. గడియ ఉన్న స్నానాల గది అక్కడ, వాళ్లు ఇక్కడ.

ఈ తాళాల మీద నాకు ఒక పట్టింపు ఉంది. పేదలకు ఇచ్చిన ఇళ్లకు తాళాలు పడ్డాయని, అద్దెకు ఇచ్చుకున్నారని వార్త వచ్చినప్పుడల్లా కింద ఒకటే మాట. "వీళ్లకు ఇచ్చినా నిలుపుకోలేరు." 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది ముంబై పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ల సంగతి. వాళ్లు అక్కడ పడుకునేది పని అక్కడికి దగ్గరలో ఉంది కాబట్టే అని కోర్టు ఒప్పుకుంది. జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందని చెప్పింది. చివరకు ఖాళీ చేయించడాన్ని ఆపలేదు, అది వేరే కథ. కానీ మనిషి పేవ్‌మెంటును ఎంచుకోవడం వెనుక కూడా ఒక లెక్క ఉంటుందని దేశంలోని అత్యున్నత న్యాయస్థానం నలభై ఏళ్ల కిందటే గుర్తించింది. మనం ఇంకా ఆ తాళం చూసి నవ్వుతున్నాం.

అంకెల్లోకి వెళ్తాను. హైదరాబాద్‌లో రెండు పడక గదుల ఇళ్ల పథకానికి మొదటి ముఖం న్యూ బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీ. పాత ఇళ్లు కూల్చి అదే స్థలంలో 396 ఇళ్లు కట్టి 2015 నవంబరులో ఇచ్చారు. ఎవరి బడి మారలేదు, ఎవరి పని మారలేదు, ఎవరూ కొత్త రోడ్డు దాటడం నేర్చుకోవలసిన అవసరం రాలేదు. పథకం పేరు చెప్పగానే చాలా ఏళ్లు పత్రికలు ఆ కాలనీ ఫొటోనే వేసేవి. తర్వాత లక్ష ఇళ్లు కావాలన్నారు. అంత స్థలం నగరం లోపల లేదన్నారు. ఇళ్లు అంచులకు జరిగాయి. వాటిలో పెద్దది కొల్లూరు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, చార్మినార్‌కు దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరంలో, 117 బ్లాకుల్లో 15,660 ఇళ్లు. ఖర్చు దాదాపు 1,490 కోట్ల రూపాయలు. 2023 జూన్ 22న ప్రారంభించారు. భాగించి చూస్తే ఇంటికి తొమ్మిదిన్నర లక్షలు. ఆ డబ్బుకు ఆ నాణ్యతతో కట్టడం చిన్న విషయం కాదు, ఇంజనీర్లకు దండం పెట్టాల్సిందే. కానీ ఆ తొమ్మిదిన్నర లక్షల్లో ఆ కుటుంబం రోజూ రోడ్డు మీద పెట్టే నాలుగు గంటలు లేవు, కొనుక్కోవలసి వచ్చే బండి లేదు, మానుకున్న రెండు ఇళ్ల జీతం లేదు. అవన్నీ పేదవాడి ఖాతాలో రాసి, ఇల్లు చవకగా పడిందని మనం అనుకుంటున్నాం.

నగరంలో స్థలం లేదన్న మాట నాకు మింగుడు పడదు. కొల్లూరు ప్రారంభమైన ఆరు వారాలకు, అదే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కోకాపేటలో సర్కారు భూమిని వేలం వేశారు. ఎకరం 100 కోట్లు దాటింది. అంటే స్థలం ఉంది, దానికి ఆ ధర పెట్టగలిగినవాళ్లకు ఉంది. వేలం డబ్బుతోనే కదా పథకాలు నడిచేది అంటారు. నిజమే, ఖజానా ఎలా నడుస్తుందో నాకూ కొంత తెలుసు. నేను అడిగేది వేలం ఆపమని కాదు. అమ్మే భూమిలో పదో వంతు ఇళ్లకు పక్కన పెడితే ఎలా ఉంటుందని ఏ సమావేశంలోనైనా, ఏ అంశం కిందనైనా చర్చకు వచ్చిందా అని. కోకాపేట అద్దాల భవనాల్లో నేల తుడవడానికి మనుషులు కావాలి. వాళ్లు ఎక్కడి నుంచి వస్తారు, ఏ రోడ్డు దాటి వస్తారు?

మద్రాసుదీ ఇదే దారి. 1970లో పెట్టిన మురికివాడల నిర్మూలన బోర్డు మొదట్లో గుడిసెలు ఉన్న చోటే అంతస్తుల ఇళ్లు కట్టింది. 2000 నుంచి కన్నగి నగర్, తర్వాత పెరుంబాక్కం అంటూ దక్షిణపు అంచులకు తీసుకెళ్లింది. మనవాళ్లకు దాన్ని చూసి నేర్చుకునే వ్యవధి బోలెడు ఉంది.

ఇక రోడ్డు. మూడు వరుసల రోడ్డు వెడల్పు పదిన్నర మీటర్లు. మామూలు నడకతో దాటడానికి తొమ్మిది సెకన్లు. చంకలో పిల్ల, చేతిలో సంచి ఉంటే ఇంకా ఎక్కువ. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఆ తొమ్మిది సెకన్లలో రెండు వందల మీటర్లు వస్తుంది. అంటే అడుగు వేసేటప్పుడు రెండు వందల మీటర్ల అవతల ఉన్న లారీ వేగాన్ని ఆమె కంటితోనే అంచనా కట్టాలి. సంధ్య వేళ, ఎదురు దీపాల వెలుగులో. డ్రైవరు ఆమెను చూసి బ్రేకు వేసినా, పొడి రోడ్డు మీద కారు ఆగడానికే యాభై మీటర్లకు పైగా కావాలి. లారీ అయితే ఇంకా దూరం. అదే 40 వేగంలో కారు ఇరవై మీటర్లలో ఆగుతుంది. వేగం సగమైతే దెబ్బలోని శక్తి నాలుగో వంతుకు పడిపోతుందని తొమ్మిదో తరగతి పుస్తకంలోనే ఉంది. రోడ్డును రెండు వందల అడుగులు చేయడమంటే 80 కిలోమీటర్ల వేగాన్ని పిలిచి పీట వేయడమే. ఆ పక్కనే ఐదు వేల కుటుంబాలను దింపడం ఇంకో నిర్ణయం. విడివిడిగా చూస్తే రెండూ అభివృద్ధే.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వందలో దాదాపు ఇరవైమంది కాలినడకన వెళ్తున్నవాళ్లు, నలభై నాలుగు మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. ఇది కేంద్ర రవాణా శాఖ లెక్క. కారు కొనుక్కోగలిగినవాళ్ల కోసం వేసిన రోడ్డు మీద కారు లేనివాళ్లే ఎక్కువగా పోతున్నారు.

మరి ప్రమాదకరమైన చోట్లను ముందే గుర్తించరా అంటే, గుర్తిస్తారు. జాతీయ రహదారుల మీద ఒక చోటును బ్లాక్‌స్పాట్ అనాలంటే నిర్వచనం ఉంది. అయిదు వందల మీటర్ల లోపు, మూడేళ్లలో, మరణాలు గానీ తీవ్ర గాయాలు గానీ అయిన ప్రమాదాలు అయిదు జరగాలి. లేదా పదిమంది చనిపోవాలి. చచ్చి సాధించడం అని మన పెద్దవాళ్లు అనేది ఇదే కాబోలు. కొత్త కాలనీ ముందున్న రోడ్డుకు పాత చరిత్ర ఉండదు కాబట్టి, కాగితం మీద అది పరమ సురక్షితమైన రోడ్డు. జీబ్రా గీతలు, దీపాలు, వేగ నియంత్రణ కావాలంటే ఆ కాలనీవాళ్లు ముందు సంఖ్య పూర్తి చేయాలి.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఎ సెక్షన్ తెచ్చారు. రోడ్డు నమూనాలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా, బాధ్యులైన అధికార సంస్థకో, కాంట్రాక్టరుకో, సలహాదారుకో లక్ష రూపాయల దాకా జరిమానా. లక్ష అన్నది నవ్వులాట అంకె, అయినా రోడ్డు వేసినవాడికీ బాధ్యత ఉందని చట్టం మొదటిసారి ఒప్పుకుంది. ఇళ్లను అక్కడ పెట్టినవాడి ఊసు మాత్రం అందులో లేదు.

ఇళ్లూ రోడ్లూ వేరువేరు గదుల్లో కూర్చోవడం ఈ నగరానికి పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని మింగిన తర్వాత, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును పెట్టింది. పత్తర్‌గట్టి రోడ్డును వెడల్పు చేసి రాతి దుకాణాల వరుస కట్టించింది ఆ బోర్డే, ఇరుకు బస్తీలను తీసేసి కొత్త ఇళ్లు కట్టించిందీ ఆ బోర్డే. ఖైరతాబాద్‌లో సీఐబీ క్వార్టర్స్ అనే పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. అక్కడ దిగేవాళ్లలో ఎంతమందికి ఆ మూడు అక్షరాల అర్థం తెలుసో మరి. అది రాజుల కాలం, బస్తీవాళ్లను అడిగి చేసిన పని కాదు, దాన్ని స్వర్ణయుగం చేయడం నా ఉద్దేశం కాదు. కానీ రోడ్డు గీసే పెన్సిలూ ఇల్లు గీసే పెన్సిలూ ఒకే బల్ల మీద ఉండేవి. ఇప్పుడు భూ వినియోగం ఒకరిది, ఇళ్లు ఇంకొకరివి, లోపలి రోడ్లు మునిసిపాలిటీవి, పెద్ద రోడ్డు మరో శాఖది, బస్సు ఆర్టీసీది, సిగ్నలు పోలీసులది. ఎవరికి వారే యమునా తీరే. ఏ ఒక్కరినీ తిట్టలేం, ఎందుకంటే ఎవరి పని వాళ్లు చేసే ఉంటారు.

నాకు ఎదురుపడే సమాధానాల్లో ఒకటి ఉచిత బస్సు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు టికెట్ లేదు. మా ఇంట్లో పనిచేసే ఆమె ఆ కాలనీలో ఉన్నన్నాళ్లూ ఆ పథకానికి రోజూ మొక్కేది. టికెట్ పోయింది గానీ రెండు గంటలు పోలేదు, దిగిన తర్వాత దాటాల్సిన రోడ్డూ పోలేదు. ఇంకొకటి, పాదచారుల వంతెన కట్టేస్తే సరి అనడం. రోడ్డు పైన అయిదున్నర మీటర్ల ఎత్తు వదలాలి. అంటే దాదాపు నలభై మెట్లు ఎక్కి, నలభై దిగాలి. మోకాళ్లు అరిగిన మనిషి, గ్యాస్ బండ మోసే మనిషి, తోపుడు బండి మనిషి దాన్ని ఎక్కరు. కింద డివైడర్ సందులోంచే దూరతారు. అప్పుడు "వంతెన కట్టినా వాడుకోరు" అని ఇంకో వార్త. వాహనం తన దారిన తాను నేల మీద సాఫీగా పోవాలి, మనిషి మాత్రం ఆకాశంలోకి ఎక్కాలి అన్న ఆలోచన ఎవరికి, ఎక్కడ కూర్చుని వచ్చిందో గానీ, దాన్ని మనం ఎంత సహజంగా ఒప్పుకున్నామో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. నాలుగో అంశాన్నీ తొమ్మిదో అంశాన్నీ కలిపి ఒకే అంశం చేయండి. ఇళ్లకు భూమి మార్చే ప్రతిపాదన వెంట ఇంకో పేజీ జతచేయండి. అక్కడికి వచ్చే పన్నెండేళ్ల పిల్ల బడికి ఏ దారిన వెళ్తుంది, ఎక్కడ దాటుతుంది, అక్కడ వాహనాల వేగం ఎంత ఉంటుంది, ఉదయం ఆరింటికి బస్సు ఉందా. వీటికి జవాబులు లేకపోతే పునాది తీయవద్దు. ఉంటే ఆ రోడ్డు పనులు గృహప్రవేశానికి ముందే పూర్తి కావాలి. తాళం చెవి ఇచ్చే రోజున జీబ్రా గీతల రంగు ఆరి ఉండాలి. దీనివల్ల కొన్ని కాలనీలు ఆలస్యమవుతాయి, కొన్ని అసలు అక్కడ రావు. అలా ఆగిపోయినవి నగరం లోపల చిన్నచిన్న ముక్కలుగా, ఐడీహెచ్ కాలనీలా మూడు వందలు, నాలుగు వందల ఇళ్లుగా రావాలి. ఖర్చు ఎక్కువ అవుతుంది. అవనివ్వండి. ఇప్పుడు ఆ ఖర్చును తొడ ఎముకలతో కడుతున్నారు.

ఈ రాతలు చదివి మా తమ్ముడు ఫోను చేశాడు. "ఆ లెక్కన అయితే ఎవరికీ ఇల్లు రాదక్కా, పదేళ్లు మీటింగుల్లోనే గడుస్తాయి" అన్నాడు. ఆ భయం నాకూ ఉంది. గడియ ఉన్న స్నానాల గది కోసం ఇంకో పదేళ్లు ఆగమని నేను ఎవరికి చెప్పగలను? ఆ ప్రశ్నకు నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు. కానీ ఇల్లిచ్చి రోడ్డును మరచిపోవడం తొందరగా చేసిన పని అని కూడా నేను ఒప్పుకోను. తాళం వేసిన ఇల్లు ఇచ్చిన ఇళ్ల లెక్కలో ఉంటుంది గానీ అందులో ఎవరూ ఉండరు.

నెలకు ఒకసారి ఆమె అక్కడికి వెళ్లి ఇల్లు ఊడ్చి వస్తుంది. దుమ్ము పడితే ఎవరూ ఉండటం లేదని తెలిసిపోతుందని, పట్టా రద్దు చేస్తారేమోనని భయం. వచ్చే ఆదివారం నన్నూ రమ్మంది. పొద్దున్నే బయలుదేరదామంది. సాయంత్రం నాలుగింటికల్లా తిరిగి బస్సు ఎక్కేయాలట.

ఎందుకంత తొందర అన్నాను.

"చీకటి పడితే ఆ రోడ్డు దాటలేం అక్కా" అంది.